మౌలాలి కొండ చెప్పే కథలు



మన ఇళ్లలో ఒకప్పుడు రాయికి ఉన్నంత పని ఇంకే వస్తువుకూ ఉండేది కాదు. పప్పు రుబ్బడానికి రోలు, పిండి విసరడానికి తిరగలి, పచ్చడి నూరడానికి సన్నికల్లు, పెరట్లో బట్టలు ఉతకడానికి బండ. పెళ్లిలో పెళ్లికూతురి చేత సన్నికల్లు తొక్కించి, ఈ రాయిలా స్థిరంగా ఉండమ్మా అని దీవిస్తాం కూడాను. మిక్సీలు, గ్రైండర్లు వచ్చాక రోలు పెరట్లోకి, తిరగలి అటక మీదికి పోయాయి గానీ రాయి మాత్రం వంటింటిని వదల్లేదు. స్టవ్ పెట్టుకునే గట్టు మీదికి నల్లని గ్రానైటు పలకై ఎక్కి కూర్చుంది. రోజూ దాన్ని తుడుస్తాం, మరక పడితే నొచ్చుకుంటాం. కానీ అది ఎక్కడ పుట్టిందో, దాని వయసెంతో ఎప్పుడైనా అనుకున్నామా?

రాయికి కూడా చరిత్ర ఉంటుందా అని మా పక్కింటి పిన్నిగారు ఒకసారి అడిగారు. ఉంటుంది పిన్నిగారూ, మన వంశవృక్షాలన్నీ కలిపినా దాని కాలి గోటికి చాలనంత ఉంటుంది అన్నాను. ఆ మాట తేలాలంటే ఏదో ఒక కొండను చూపించి చెప్పాలి. అందుకే ఈవేళ మిమ్మల్ని మౌలాలి కొండకు తీసుకువెళ్తున్నాను.

కాజీపేట వైపునుంచి రైల్లో సికింద్రాబాదు వచ్చేవాళ్లకు ఘట్‌కేసర్, చర్లపల్లి దాటాక మౌలాలి స్టేషను వస్తుంది. ఆ పేరు ఆ పక్కనే ఉన్న కొండ వల్ల వచ్చిందే. చుట్టూ కాలనీలు, మేడలు, ఫ్యాక్టరీలు, వాటి నడుమ ఒక్కటే బోడిగుండులాంటి పెద్ద రాతికొండ. దాని నెత్తిన తెల్లగా ఒక దర్గా. ఎదురుగా ఇంకో కొండ ఉంది, దాన్ని ఖదమ్-ఎ-రసూల్ అంటారు. ఈ దారిన ఎన్నోసార్లు వెళ్లి ఉంటాం. తల ఎత్తి చూసినవాళ్లం ఎంతమంది?

ముందు కొండ పుట్టుక సంగతి చెప్పుకుందాం. హైదరాబాదు చుట్టుపక్కల రాళ్లన్నీ గ్రానైటు జాతివే. వీటి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. కోట్లు అంటే మనకు డబ్బులో తప్ప అందదు గనక ఒక పోలిక చెబుతాను. హిమాలయాలు పైకి లేవడం మొదలై సుమారు 5 కోట్ల సంవత్సరాలైంది. అంటే మన మౌలాలి కొండ ముందు హిమాలయం నిన్న పుట్టిన పసిబిడ్డ. మంచుకొండల్ని చూడటానికి టికెట్లు కొనుక్కుని వెయ్యి మైళ్లు పోతాం. వాటికి ముత్తవ్వలాంటిది సిటీబస్సు పోయే చోట ఉంటే పట్టించుకోం.

ఈ రాయి నేల పైన పుట్టింది కాదు. భూమి లోపల కొన్ని కిలోమీటర్ల లోతున కరిగిన ముద్దగా ఉండి, నిదానంగా చల్లారి గట్టిపడింది. నిదానంగా చల్లారిన పాకంలో పలుకులు పెద్దవిగా కట్టినట్టే, ఈ రాయిలోనూ పలుకులు కంటికి కనిపించేటంత పెద్దవిగా కట్టాయి. గులాబీ, బూడిద రంగుల్లో కనిపించేది ఫెల్డ్‌స్పార్, గాజులా మెరిసేది క్వార్ట్జ్, నల్లగా తళుక్కుమనేది అభ్రకం. పైనున్న మట్టీ రాయీ లక్షల ఏళ్లపాటు వానకూ గాలికీ కొట్టుకుపోగా లోపలి గ్రానైటు బయటపడింది. పైబరువు పోయేసరికి రాయి కొంచెం ఒళ్లు విరుచుకుంది. అప్పుడు ఉల్లిపాయ పొరల్లాగా పైపై పలకలు ఊడిరావడం మొదలైంది. మౌలాలి కొండ అలా నున్నగా, బోర్లించిన మూకుడులా ఉండటానికి కారణం ఇదే.

మరి గుండు మీద గుండు, దాని మీద ఇంకో గుండు, తోస్తే పడిపోతుందా అన్నట్టు నిలబడ్డ రాళ్ల సంగతేమిటి? వాటిని ఎవరో రాక్షసులు పేర్చారని మన పెద్దవాళ్లు చెప్పేవారు. పేర్చిన రాక్షసి వాననీరు. గ్రానైటులో అడ్డంగా నిలువుగా చీలికలుంటాయి. ఆ చీలికల్లోకి నీరు దిగి రాయిని కొంచెం కొంచెంగా తింటుంది. బెల్లం అచ్చు నీళ్లలో వేస్తే ముందు మూలలు కరిగి గుండ్రబడుతుంది చూడండి, అచ్చం అలాగే పెట్టెల్లాంటి రాళ్లు గుండ్లయ్యాయి. మధ్యనున్న మెత్తని మట్టి కొట్టుకుపోయి, గుండ్లు ఉన్నచోటనే ఒకదాని మీద ఒకటి మిగిలాయి. వాటిని ఎవరూ తెచ్చి పెట్టలేదు గనక, ఒకసారి పోతే మళ్లీ ఎవరూ తెచ్చి పెట్టలేరు. ఈ సంగతి మాత్రం గుర్తుంచుకోండి.

ఇక మనుషుల కథ. ఈ కొండ చుట్టుపక్కల ఇనుపయుగం నాటి సమాధులు ఉండేవి. నిజాం పాలన కాలంలోనే వాటిని తవ్వి చూశారు. పెద్ద పెద్ద బండలు చుట్టూ పేర్చి, చనిపోయినవాళ్లను కుండలతో, ఇనుప పనిముట్లతో సహా లోపల ఉంచేవారు ఆనాటి జనం. తెలంగాణ పల్లెల్లో ఇలాంటివాటిని రాక్షసగుళ్లు అంటారు. అంటే గోలకొండ రాజులు పుట్టక ముందే, శాతవాహనుల పేరు వినపడక ముందే, ఈ కొండనీడన మనుషులు కాపురాలు చేశారు, తమ వాళ్లను ఇక్కడి రాతి ఒడిలో దాచుకున్నారు.

కొండకు ఇప్పుడున్న పేరు వచ్చింది ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో. ఈయన గోలకొండను 1550 నుంచి 1580 దాకా ఏలాడు. తెలుగు కవులను ఆదరించి, వాళ్ల చేత మల్కిభరాముడని ముద్దుగా పిలిపించుకున్న ప్రభువు. ఆయన కొలువులో యాకూత్ అనే అంతఃపుర సేవకుడు ఉండేవాడు. జబ్బుపడి ఉన్న యాకూత్‌కు ఒక రాత్రి కల వచ్చిందట. ఆకుపచ్చ దుస్తుల్లో ఒక మనిషి వచ్చి, హజ్రత్ అలీ పిలుస్తున్నారు రమ్మని ఈ కొండ మీదికి తీసుకువెళ్లాడట. అక్కడ అలీ ఒక రాతి మీద చెయ్యి ఆనించి కూర్చుని కనిపించారట. తెల్లవారి యాకూత్ కొండెక్కి చూస్తే ఆ రాతి మీద చేతిగుర్తు ఉందని చెబుతారు. ఆ గుర్తున్న రాతిని అక్కడే కట్టడంలో భద్రంగా నిలిపారు. ఇది 1578లో జరిగిందని చెప్పే కథ. హైదరాబాదు నగరానికి పునాది వేసింది 1591లో. కాబట్టి చార్మినారు కంటే కూడా 13 ఏళ్లు ముందే మౌలాలికి పేరు వచ్చిందన్నమాట.

కథను నమ్మేవాళ్లు నమ్ముతారు, లేనివాళ్లు లేదు. నేను చెప్పదలుచుకున్నది వేరే. అంత పెద్ద కొండలో ఒక రాతిని పవిత్రమని తలిచారు గనక చుట్టూ ఉన్న కొండంతా నిలిచింది. దేవుడు వెలిసిన కొండని తిరుపతిలోనైనా, యాదగిరిలోనైనా మనం ఉలి పెట్టనివ్వం కదా! మౌలాలికీ ఆ భక్తే కంచె అయింది. ఏటా రజబ్ నెలలో ఇక్కడ ఉర్సు జరుగుతుంది. చాంద్రమాన లెక్క గనక మన పంచాంగం పండగల్లా ఒక్క ఋతువులో ఉండదు, ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఉంటుంది. నిజాంల కాలంలో ఏనుగులతో, గుర్రాలతో నగరంనుంచి ఊరేగింపుగా వచ్చేవారు. జాగీర్దార్లు కొండ చుట్టూ తోటలూ విడిదిళ్లూ కట్టుకున్నారు. ఆనాడూ ఈనాడూ హిందువులూ ముస్లిములూ కలిసే మెట్లెక్కుతారు. బిడ్డలు కావాలనీ, బిడ్డలు బాగుండాలనీ మొక్కుకునే తల్లులకు ఏ కొండైతేనేం?

అలాంటి ఒక తల్లి కథ ఇది. రాజ్ కున్వర్ బాయి అని ఒక కళావంతురాలు హైదరాబాదులో ఉండేది. కడుపుతో ఉన్నప్పుడు మౌలాలికి వచ్చిందట. అక్కడ ఆమెకు గర్భం నిలుస్తుందో లేదో అన్న స్థితి వచ్చింది. తోడు వచ్చిన తజల్లీ అలీ షా అనే చిత్రకారుడు కొండపైకి వెళ్లి దారమూ ప్రసాదమూ తెచ్చి ఇచ్చాడనీ, తల్లీ బిడ్డా దక్కారనీ చెబుతారు. 1768లో పుట్టిన ఆ ఆడపిల్ల చందా బీబీ. తర్వాత మహ్ లఖా బాయి అని బిరుదు పొందింది. చంద్రుడి వంటి ముఖం గలది అని ఆ మాటకు అర్థం.

మహ్ లఖా బాయి అందం గురించి, నాట్యం గురించి చాలామంది చెబుతారు. మనం చెప్పుకోవలసింది ఆమె విద్య గురించి. ఉర్దూలో గజళ్లు రాసి, 1798 నాటికే వాటిని పుస్తకంగా కూర్చింది. ఉర్దూలో ఇలా సొంత కవితల సంపుటం తయారుచేసిన మొట్టమొదటి స్త్రీలలో ఆమె ఒకరు. 1799లో ఆ ప్రతినొకదాన్ని ఇంగ్లీషు అధికారి జాన్ మాల్కంకు బహుమతిగా ఇచ్చింది. రెండవ నిజాముతో మగవేషంలో యుద్ధయాత్రలకు కూడా వెళ్లిందట. జాగీర్లు సంపాదించుకుంది. ఇప్పటి ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్న భూమిలో కొంత ఆమె జాగీరులోనిదే. ఇంత ఐశ్వర్యం వచ్చినా తన పుట్టుకకు మూలమైన కొండను మరిచిపోలేదు. చాలా గజళ్ల చివర మౌలా అలీని తలుచుకుంది. 1792లో కొండ అడుగున తల్లికి సమాధి కట్టించి, చుట్టూ తోట, మసీదు, బావి ఏర్పాటు చేసింది. 1824లో ఆమె పోయాక తల్లి పక్కనే ఆమెనూ ఉంచారు.

ఆ సమాధి మందిరం చాలాకాలం ఆలనాపాలనా లేక పాడుబడిపోయింది. 2010లో అమెరికా ప్రభుత్వం ఇచ్చిన ధనసహాయంతో బాగుచేయించారు. దగ్గరకు వెళ్లి సున్నపు నగిషీలు చూస్తే, మన ముగ్గుల్లో మెలికలు గుర్తొస్తాయి. తల్లి కోసం కూతురు కట్టించిన కట్టడాలు చరిత్రలో ఎన్ని ఉన్నాయి చెప్పండి? రాజుల సమాధుల పక్కన ఇది చిన్నదే. కానీ మనం, ఆడవాళ్లం, తప్పకుండా చూడవలసింది ఇదే.

సమాధిని బాగుచేశారు, సంతోషం. మరి కొండ మాటేమిటి? గోడ కూలితే సున్నం కలిపి మళ్లీ కట్టవచ్చు. బండ పగిలితే కట్టడానికి ఏ మేస్త్రీ ఉన్నాడు?

హైదరాబాదు పెరిగినకొద్దీ మొదట దెబ్బతిన్నవి ఈ రాళ్లే. బంజారాహిల్స్, జూబిలీహిల్స్ అని పేర్లలో కొండలు మిగిలాయి గానీ, గుండ్లు చాలావరకు పునాదుల్లోకి, కంకరలోకి పోయాయి. మేముండే వీధి చివర ఒక జారుడుబండ ఉండేది. పిల్లలు తరతరాలుగా జారి జారి దాన్ని అద్దంలా చేశారు. మా పెద్దవాడు కూడా అక్కడ రెండు నిక్కర్లు చింపుకొచ్చినవాడే. ఒక భవనాల కాంట్రాక్టరు ఆ స్థలం కొన్నాడు. మిషన్లు పెట్టి మూడు రోజుల్లో బండను ఆనవాలు లేకుండా చేశాడు. 250 కోట్ల ఏళ్లు నిలిచినదానికి మూడు రోజులు! తరువాత ఆ మేడకు రాయి పేరే పెట్టి, గేటు దగ్గర సిమెంటుతో ఒక ఉత్తుత్తి గుండు చేయించి పెట్టారు. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

రాయి కొట్టి బతికేవాళ్ల మీద నాకు కోపం లేదు సుమండీ. మన రోళ్లూ తిరగళ్లూ వాళ్ల చేతి చలవే. ఉలీ సమ్మెటా పట్టుకుని వరసగా గాట్లు పెట్టి, వాటిలో ఆప్పులు దించి, రాయి గీత ఎటుందో చూసి పగలగొట్టే వడ్డెరల పనితనం ఒక విద్య. ఆ చేత్తో తరమంతా కొట్టినా కొండ తరిగేది కాదు. మందుగుండూ మిషన్లూ వచ్చాక ఆ లెక్క మారింది. మనకు ఇళ్లు కావాలి, రోడ్లు కావాలి, కంకర కావాలి. కాదనను. అయితే ఏ రాయిని కొట్టాలి, ఏ రాయిని ఉంచాలి అన్న విచక్షణ ఉండాలి కదా. వంటచెరకు కావాలని తులసికోట దగ్గర చెట్టు నరుక్కుంటామా?

ఈ విచక్షణ కోసమే 1996లో కొందరు కలిసి సొసైటీ టు సేవ్ రాక్స్ అని ఒక సంఘం పెట్టారు. జనాన్ని రాళ్ల దగ్గరకు నడిపించి చూపడం, బడిపిల్లలకు చెప్పడం, ప్రభుత్వానికి అర్జీలు పెట్టడం వాళ్ల పని. వారి పట్టుదల వల్ల అప్పటి నగరాభివృద్ధి సంస్థ నిబంధనల్లో పాత భవనాలతో పాటు కొన్ని రాతి కట్లకు కూడా వారసత్వ సంపదగా చోటు దొరికింది. పాత భవనాల జాబితాలో రాళ్లు చేరడం మామూలు సంగతి కాదు. మౌలాలి, ఖదమ్-ఎ-రసూల్ కొండలు, దుర్గం చెరువు చుట్టూ ఉన్న రాళ్లు, శిల్పారామంలోని రాయి, హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలోని పుట్టగొడుగు రాయి అందులో ఉన్నాయి. 2015 డిసెంబరులో ఆ పదమూడో నిబంధనను ప్రభుత్వం తీసేసింది. 2017లో తెలంగాణకు కొత్తగా వారసత్వ చట్టం వచ్చింది. చట్టాలు వస్తాయి, పోతాయి, మారతాయి. కాగితం మీద పేరున్నంత మాత్రాన బండకు ప్రాణభయం పోదు. చుట్టూ ఉన్న జనం ఇది మాది అనుకుంటేనే పోతుంది. యాకూత్ కాలంనుంచి మౌలాలి నిలిచింది అలాగే.

రాళ్లు ఉంటే ఏమిటి లాభం అని కూడా అడుగుతారు. అందానికే అయితే నేను ఇంత చెప్పను. బండల మీద పడ్డ వాన కిందికి జారి చెరువులు నింపుతుంది. గోలకొండకు నీళ్లిచ్చిన దుర్గం చెరువు రాళ్ల ఒడిలోదే. సందుల్లో చేరిన మట్టిలో సీతాఫలం చెట్లు వాటంతటవే మొలుస్తాయి. మనం బండ్ల మీద బేరమాడి కొనే సీతాఫలాలు అలాంటి గుట్టల సంతానమే. తొండలు, గుడ్లగూబలు, పిట్టలు ఆ సందుల్లోనే కాపురం. ఇదంతా తీసి, సిమెంటు పరిచి, వాన పడగానే ఇళ్లలోకి నీళ్లొచ్చాయని వాపోతే ఎలా?

ఇక వెళ్లి చూడదలచినవారికి నాలుగు మాటలు. మౌలాలికి చలికాలంలో, పొద్దున్నే బయలుదేరండి. మెట్లు దాదాపు 500 ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న అత్తగారిని బలవంతం చేయకండి, కింద మహ్ లఖా బాయి తోటలో కూర్చోబెడితే ఆవిడకూ కాలక్షేపం. మంచినీళ్లు ఇంటినుంచి స్టీలు సీసాలో తీసుకువెళ్లండి. దర్గాలోకి తలమీద కొంగు కప్పుకుని వెళ్లడం మర్యాద. పైకి చేరాక వెంటనే ఫొటోల్లో పడకుండా ఒక్క నిమిషం అరచెయ్యి బండ మీద ఆనించండి. పొద్దుటి బండ చల్లగా, గరుకుగా తగులుతుంది. పిల్లల చేత అభ్రకం తళుకులు వెతికించండి. ఊడిపోతున్న ఉల్లిపొరల పలకలు చూపించండి. ఎక్కడైనా రాతి అంచున వరసగా గాట్లు కనిపిస్తే, అది మనిషి విరిచిన చోటని చెప్పండి. పైనుంచి నాలుగు దిక్కులా చూపించి, ఇంకా ఎన్ని గుట్టలు మిగిలాయో లెక్కపెట్టమనండి. వచ్చే ఏడు మళ్లీ తీసుకువెళ్లి అవే లెక్కపెట్టించండి. తేడా వాళ్లకే తెలుస్తుంది.

చేయకూడనివీ ఉన్నాయి. రాతి మీద పేర్లు రాయకండి, రాయనివ్వకండి. ప్రేమను చాటుకోవడానికి ఆ బండే దొరకాలా? జ్ఞాపకం కోసమని ముక్క కొట్టి తేవద్దు. తిన్న కాగితాలూ ప్లాస్టిక్ సంచులూ తిరిగి మీ సంచిలోనే ఇంటికి రావాలి. ఇల్లు కట్టుకునే యోగం మీకుండి, స్థలంలో ఒక గుండు ఉందనుకోండి, దాన్ని పేల్చమని తొందరపడక ముందు ఇంజనీరును ఒక మాట అడగండి. గుండును పెరట్లోనో, మెట్ల పక్కనో, గోడలో భాగంగానో ఉంచి ఇల్లు కట్టుకున్నవాళ్లు ఈ నగరంలోనే ఉన్నారు. వేసవిలో దాని నీడన మొక్కలు బతుకుతాయి. మనవలు ఎక్కి దూకడానికి అంతకంటే మంచి బొమ్మ ఏ దుకాణంలోనూ దొరకదు.

మీ వీధిలోనో, కాలనీలోనో ఒక బండకు గండం వచ్చిందని తెలిస్తే, ఒక్కరే వెళ్లి ఏం చేస్తాం అనుకోకండి. నలుగురు ఆడవాళ్లం కలిసి వార్డు సభ్యుడి దగ్గరకు వెళ్తే వినక తప్పదు. నీళ్ల కోసం బిందెలు పట్టుకుని వెళ్లినవాళ్లం కదా, రాయి కోసం వెళ్లలేమా? ముందుగా ఆ రాయి ఫొటో తీసి, ఎక్కడుందో రాసిపెట్టండి. స్థానికంగా దానికేదైనా పేరుంటే అదీ రాయండి. పేరున్నదాన్ని పగలగొట్టడానికి ఎవరికైనా చెయ్యి కొంచెం వెనకాడుతుంది.

మౌలాలి కొండ కింద ఇనుపయుగం తల్లులు పిల్లలను పెంచారు. రాజ్ కున్వర్ బాయి బిడ్డను దక్కించుకుంది. మహ్ లఖా బాయి తల్లిని పడుకోబెట్టి, తానూ ఆ పక్కనే నిదురపోయింది. వాళ్లందరికీ ఆ కొండ ఎలా ఉందో మన ముని మనవరాళ్లకూ అలాగే ఉండాలి. ఆదివారం కాస్త వంట తగ్గించుకుని, పులిహోర కట్టుకుని, పిల్లలను వెంటబెట్టుకుని ఒకసారి వెళ్లి రండి.